ఎడమవైపు కింది దవడ పన్ను

మార్చి 4, బుధవారం

తేదీ ఇచ్చారు. ఏప్రిల్ తొమ్మిది. ఇది మూడోది. మొదటి తేదీకి మా అమ్మాయి పిడుగుకి జ్వరం వచ్చింది, రెండో తేదీకి ఆపరేషన్ చేసే డాక్టరుకే వచ్చింది. ఈసారి ఇంట్లో ఎవరూ తుమ్మడానికి వీల్లేదని మా ఆవిడ హుకుం జారీ చేసింది. మా అత్తగారు తుమ్ము వచ్చినప్పుడల్లా వీధి తలుపు తీసుకుని బయటికి పరిగెడుతున్నారు.

మా పిడుగుకి ఐదున్నరేళ్ళు. పేరుకే పిడుగు, పది మెట్లెక్కితే ఆయాసపడుతుంది. గుండెలో ఒక కవాటం సరిగ్గా మూసుకోదు. గుండె డాక్టరు ప్రతిసారీ కాగితం మీద ఒక తలుపు బొమ్మ గీసి చూపిస్తాడు. మూడేళ్ళుగా అదే తలుపు. ఇవాళ మాత్రం బొమ్మ గియ్యలేదు. "ఇంక ఆగకూడదు" అన్నాడు.

ఆపరేషన్‌కి ముందు ఒక కాగితం కావాలట. నోట్లో పిప్పిపళ్ళు, చీము లేవని పళ్ళ డాక్టరు చూసి రాసివ్వాలి. చీముంటే అది రక్తంలో కలిసి, బాగుచేసిన కవాటం మీద చేరుతుందట. అలా చేరితే పిల్ల దక్కడం కష్టమని మామూలు గొంతుతోనే చెప్పాడు. మా ఆవిడ నావైపు చూసింది. పళ్ళ సంగతి నాకొదిలెయ్యమన్నాను. పందొమ్మిదేళ్ళుగా కట్టుడు పళ్ళు చేసి బతుకుతున్నవాణ్ణి.

ఈ నోటుబుక్కు ల్యాబులో కేసు నంబర్లు రాసుకోవడానికి కొన్నది. ఇంట్లో ఎందుకుందో, ఇందులో ఇదంతా ఎందుకు రాస్తున్నానో తెలియదు.

మార్చి 5, గురువారం

పిడుగు నోరు చూశాను. పై ముందు పళ్ళు నాలుగూ సగానికి అరిగి గోధుమరంగులో ఉన్నాయి. ఏడాదిగా అలాగే ఉన్నాయి, నవ్వితే కనిపిస్తూనే ఉన్నాయి. సొంత బిడ్డ నవ్వుతుంటే నవ్వు చూస్తాం గానీ పళ్ళెవరు చూస్తారు.

ఎడమవైపు కింది దవడ పన్నులో రంధ్రం ఉంది. చిన్నది.

"పాలపళ్ళేగా అల్లుడూ, ఎలాగూ ఊడిపోయేవే" అన్నారు అత్తగారు. ఆవిడకి నేను చేసిన పళ్ళసెట్టు చేతిలో ఉంది. దాన్ని ఫోటోలకి మాత్రమే పెట్టుకుంటారు.

మార్చి 6, శుక్రవారం

చిన్నదే.

మార్చి 8, ఆదివారం

ల్యాబుకి వెళ్ళాను. సెలవు రోజు, ఎవరూ లేరు. పిడుగుని కూడా తీసుకెళ్ళాను. పదకొండింటికల్లా ఇంటికొచ్చేశాం.

మార్చి 9, సోమవారం

నిన్నటి పని ఒక కేసులాగా రాసుకుంటాను. అలా రాస్తే అందులో తప్పేమీ కనిపించదు.

పేషెంటుని నా స్టూలు మీద కూర్చోబెట్టాను. ఎడమవైపు కింది దవడ పన్ను. రంధ్రాన్ని దూదితో ఆరబెట్టాను. సెట్టు విరిగితే అతికించడానికి వాడే పొడి, ద్రవం కలిపి, అది గట్టిపడేలోగా రంధ్రంలో కూరి, పైన అసలు పన్నులాగా గాట్లు దిద్ది, పాలిష్ పట్టాను. రంగు కలపడమే కష్టమైంది. పిల్లల పళ్ళు పెద్దవాళ్ళ పళ్ళకన్నా తెల్లగా ఉంటాయి, మా దగ్గరున్న షేడ్లలో సరిపోయేది లేదు. రెండు పొడులు కలిపాను. మొదటిసారికే కుదిరింది. ఎక్కడ పన్ను, ఎక్కడ నా పని అన్నది నాకే తెలియలేదు. పందొమ్మిదేళ్ళలో ఇంత బాగా వచ్చింది మరొకటి లేదు.

"గోళ్ళ రంగు వాసనొస్తోంది నాన్నా" అంది. అంతే, ఇంక కదల్లేదు. డాక్టర్ల దగ్గర కూర్చుని కూర్చుని దానికి కదలకుండా ఉండటం అలవాటైపోయింది. ఐదేళ్ళ పిల్లకి రాకూడని విద్య అది. అయినా పాలిష్ ఆఖరిదాకా పట్టాను.

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు. ఇక్కడ పెరటి చెట్టే పనిగట్టుకుని వైద్యం చేసింది. ఇది మోసం కాదు, తాత్కాలికం. ఆపరేషన్ అయ్యాక మంచి డాక్టరుకి చూపించి అన్నీ చేయిస్తాను. ఇప్పుడు పన్ను సంగతి బయటపడితే తేదీ పోతుంది. మొన్న తేదీ పోతే మళ్ళీ తేదీ రావడానికి ఆరు నెలలు పట్టింది. ఆ కవాటానికి ఇంకో ఆరు నెలల ఓపిక లేదు.

ఎవరికీ చెప్పొద్దని పిడుగుతో అన్నాను. తలూపింది.

మార్చి 11, బుధవారం

కాగితం వచ్చింది. పద్నాలుగేళ్ళుగా నాకు కేసులు పంపే డాక్టరు దగ్గరికి వెళ్ళాం.

"నీ కూతురి నోరు నేను చూసి రాయాలా? నువ్వు చూశావుగా?" అన్నాడు.

"చూశానండీ" అన్నాను. అది నిజమే.

అయినా అద్దం పెట్టి చూశాడు. చేతి గడియారంలో టైము చూసుకోవడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపు చూశాడు. "ముందువి ఊడిపోయేవేలే" అని సంతకం పెట్టి ముద్ర వేశాడు. హెడ్మాస్టరుగారి సెట్టు ఎప్పుడిస్తావని అడిగాడు. శుక్రవారం అన్నాను.

ఇంటికొచ్చి కాగితం మా ఆవిడకిచ్చాను. నిలబడే చదివింది. మడిచి నా చేతికే ఇచ్చింది. "మీ దగ్గరే ఉంచండి" అంది. ఇంట్లో కరెంటు బిల్లు దగ్గర్నుంచి పెళ్ళి ఫోటోల దాకా అన్నీ ఆవిడ బీరువాలోనే ఉంటాయి. ఇన్నాళ్ళకి నా మీద నమ్మకం కుదిరిందన్నమాట.

మార్చి 19, గురువారం

పిడుగు కుడివైపే నములుతోంది. ఎడమవైపు కూడా నమలమన్నాను. "నాకు ఎడమవైపు ఇష్టం లేదు" అంది. పిల్లలకీ ఇష్టాయిష్టాలుంటాయి. మా ఆవిడ అడక్కుండానే రొట్టె అంచులు కోసేసి పాలలో నానబెట్టి ఇచ్చింది.

మార్చి 24, మంగళవారం

ఆ పన్ను కింద చిగురు మీద ఒక పొక్కు. ఆవగింజంత. వేడి చేసి ఉంటుంది. ఉప్పునీళ్ళు పుక్కిలించమన్నాను.

మార్చి 25, బుధవారం

ఆవగింజంతే.

మార్చి 27, శుక్రవారం

మినపగింజంత.

మార్చి 28, శనివారం

చితికింది. తగ్గిపోయినట్టే. ఇవాళ హాయిగా భోంచేశాను.

మార్చి 31, మంగళవారం

మళ్ళీ వచ్చింది.

"గుండె డాక్టరు మళ్ళీ నోరు తెరిచి చూస్తాడంటారా?" అని అడిగింది మా ఆవిడ.

"ఎందుకు చూస్తాడు? కాగితం ఉందిగా."

"కాగితం ఉంది" అంది. బట్టలు మడతపెడుతూ ఇంకోసారి అంది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, నేను లేచి వెళ్ళి ఆ కాగితం ఉందో లేదో చూసుకున్నాను. ఉంది.

ఏప్రిల్ 3, శుక్రవారం

ల్యాబులో కొత్తగా చేరినవాళ్ళకి నేను చెప్పే మొదటి మాట: అడుగున మురికి పెట్టి పైన పాలిష్ పట్టకు, లోపల కుళ్ళుతుంది. ఇవాళ ఒకడికి చెప్పాను. చెబుతుంటే చెమటలు పట్టాయి. ఫ్యాను వెయ్యమన్నాను. తిరుగుతూనే ఉందన్నాడు.

ఏప్రిల్ 6, సోమవారం

జరిగింది జరిగినట్టు రాస్తాను. కేసులాగా కాదు.

ఆపరేషన్‌కి ముందు ఆఖరిసారి మాట్లాడ్డానికి రమ్మన్నారు. మా ఆవిడ, నేను, పిడుగు వెళ్ళాం. గుండె డాక్టరు కాగితం తీసుకుని చదివి, అంచున రెండు చిల్లులు పొడిచి ఫైల్లో పెట్టాడు. "గురువారం పొద్దున మొదటి ఆపరేషన్ మీదే. ఇంకేమన్నా చెప్పాలా?" అన్నాడు. లేదన్నాను. మా ఆవిడ అప్పటికే లేచి నిలబడింది.

బయటికొచ్చాం. లిఫ్టు బటన్ పిడుగు నొక్కింది. "నాన్నా, తలుపు బాగుచేశాక నేను లిఫ్టు లేకుండా వెళ్ళొచ్చా?" అని అడిగింది. వెళ్ళొచ్చన్నాను. "పరిగెత్తుకుంటూ?" అంది. లిఫ్టు వచ్చింది. అది లోపలికి వెళ్ళి, నా కోసం తలుపుకి చెయ్యి అడ్డం పెట్టి నిలబడింది. నేను లోపలికి అడుగు పెట్టలేదు. పందొమ్మిదేళ్ళ పనివాణ్ణి, ఆ పొక్కేమిటో నాకు తెలుసు. పొక్కు వచ్చిన రోజే తెలుసు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు పదమూడు రోజులు కళ్ళు మూసుకున్నాను.

వెనక్కి తిరిగాను.

"పదండి" అంది మా ఆవిడ. వినకుండా వెళ్ళిపోయాను.

"ఆ కాగితం చెల్లదు" అన్నాను గుండె డాక్టరుతో.

"ఏం? సంతకం దొంగదా?"

"సంతకం నిజమేనండీ. పన్ను దొంగది."

మొత్తం చెప్పాను. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. తిడతాడనుకున్నాను, తిడితే బాగుండుననిపించింది. ఫోను తీసి రెండో అంతస్తులో ఉండే పిల్లల పళ్ళ డాక్టరమ్మకి చేసి, ముగ్గుర్నీ కిందికి పంపాడు.

ఆవిడ పొట్టి మనిషి. పిడుగుతో ముందు పావుగంట బొమ్మల సంగతులు మాట్లాడింది. తర్వాత నోరు చూసింది. చేతి గడియారం కాదు, గోడ గడియారంలో ఇరవై నిమిషాలు. ఎడమవైపు కింది దవడ పన్ను దగ్గర సూది ఆగింది.

"ఎవరు చేశారిది?"

"నేనేనండీ."

"షేడు బాగా కుదిరింది" అంది. నా జన్మలో ఎవరూ నన్ను అంత గట్టిగా కొట్టలేదు.

ఎక్స్‌రే తీశారు. మూడు చోట్ల చీముంది. నేను మూసిన పన్ను కింద ఒకటి. నాకు కనిపించని వెనక పళ్ళలో రెండు. మొత్తం ఎనిమిది పళ్ళు తీసెయ్యాలంది.

"గుండెకి వేసే తియ్యటి సిరప్ రాత్రి పళ్ళు తోమాక ఇస్తారా, తోమకముందా?"

"తోమాకేనండీ. మందు వేశాక తోమితే బ్రష్షుకి వాంతొచ్చి మందంతా కక్కేస్తుందని."

"అంటే మూడేళ్ళుగా రోజూ పంచదార పూత పూసి పడుకోబెడుతున్నారు. ఒంట్లో నీరు తీసే మందు కూడా వేస్తున్నారు, దాంతో నోరు ఎండిపోతుంది. కడిగెయ్యడానికి ఉమ్మి కూడా ఉండదు." మామూలుగా పాఠం చెప్పినట్టే చెప్పింది. తర్వాత నావైపు తిరిగింది. "గురువారం ఇలాగే లోపలికి పంపి ఉంటే ఆ కవాటానికి చీము పట్టేది. అప్పుడు మేమెవరం ఏమీ చెయ్యలేకపోయేవాళ్ళం."

తేదీ పోతుందని భయపడ్డాను, మళ్ళీ ఆరు నెలలు ఆగాలి కదా అన్నాను.

"ఆరు నెలలని ఎవరన్నారు?"

ఎవరూ అనలేదు.

"ఇక్కడికొచ్చే గుండె పిల్లల్లో చాలామంది నోళ్ళు ఇలాగే ఉంటాయి. పళ్ళు తీస్తాం, మూడు వారాలు చూస్తాం, ఆపరేషన్ చేస్తాం. దానికోసం తేదీలు విడిగా అట్టిపెడతారు. మీరు అడగలేదా?"

అడగలేదు. పళ్ళ సంగతి నాకొదిలెయ్యమన్నాను కదా.

మా ఆవిడ గోడవారన పిడుగు చెప్పులు చేతిలో పట్టుకుని నిలబడి ఉంది. అరవలేదు, ఏడవలేదు, నన్నొక్క మాట అడగలేదు. నిర్ఘాంతపోయి ఉంటుంది, పాపం.

ఏప్రిల్ 8, బుధవారం

గుండె సంగతి తెలిసిన మత్తు డాక్టరుని పక్కనుంచుకుని, ముందే చీము పాకకుండా సూదిమందు ఇచ్చి, ఎనిమిది తీశారు. మెలకువ రాగానే పిడుగు నాలికతో నోరంతా వెతుక్కుంది.

"నువ్వు కట్టింది కూడా తీసేశారా?"

"తీసేశారమ్మా."

"గట్టిగా ఉందా అది?"

మిషను పెట్టి కొయ్యాల్సి వచ్చిందని డాక్టరమ్మ చెప్పింది. "గట్టిగానే ఉందట" అన్నాను. "మంచి పని" అని మళ్ళీ నిద్రపోయింది. నేను బాత్రూంలోకి వెళ్ళి కుళాయి తిప్పి ఏడ్చాను.

ఏప్రిల్ 9, గురువారం

ఇవాళ ఏప్రిల్ తొమ్మిది.

ఏప్రిల్ 14, మంగళవారం

కొత్త తేదీ ముప్ఫై.

మా ఆవిడ నాతో మాట్లాడటం లేదు. మాటలన్నీ అత్తగారి మీదుగా వస్తున్నాయి. "అమ్మా, ఆయన్ని ఆ సీసా అందుకోమను." "అల్లుడూ, ఆ సీసా అందుకో. మీ ఇద్దరి మధ్యా నేనేమన్నా తపాలా బంట్రోతునా?" ఆవిడకి కోపం వచ్చినప్పుడు మాటలు స్పష్టంగా రావడానికి సెట్టు పెట్టుకుంటున్నారు. నా పని ఇన్నాళ్ళకి ఇంట్లో ఒకరికి పనికొచ్చింది.

మాట్లాడకపోవడం న్యాయమే. తిట్టినా న్యాయమే.

సంతకం పెట్టిన డాక్టరు ఫోన్ చేశాడు. "నా పేరు చెప్పావా?" అన్నాడు. "ముద్ర మీద ఉంది కదండీ" అన్నాను. కేసులు వేరే ల్యాబుకి పంపుతాడట. సరేనన్నాను.

ఏప్రిల్ 20, సోమవారం

చిగుళ్ళు మానాయి. డాక్టరమ్మ చూసి సంతోషపడింది. దవడ పళ్ళు తీసిన చోట ఖాళీ వదిలేస్తే పక్కవి అటు ఒరిగి, రేపు రావలసిన అసలు పళ్ళకి దారి ఉండదట. పాలపళ్ళు ఊడిపోవడానికే కాదు, వెనకొచ్చేవాటికి చోటు అట్టిపెట్టడానికి కూడానట. ల్యాబు గోడకి వేలాడే బొమ్మలో ఈ సంగతి ఉంది. దాని మీద నా చొక్కా తగిలిస్తూ ఉంటాను.

గుండె కుదుటపడ్డాక ఆ ఖాళీలకి తీగ చట్రం పెట్టాలంది. "మీరు చేస్తారా?"

"వేరేవాళ్ళకివ్వండి."

"అంత మంచి చెయ్యి ఉండగా వేరేవాళ్ళకెందుకిస్తాను? చేసేది మీరు. నోట్లో పెట్టేది మాత్రం నేను."

సరేనన్నాను.

ఏప్రిల్ 30, గురువారం

ఏడు నలభైకి తీసుకెళ్ళారు. నాలుగు గంటలు పడుతుందన్నారు. వరండాలో బల్ల మీద ఇద్దరం కూర్చున్నాం, మధ్యలో పిడుగు సంచీ. తొమ్మిదింపావుకి మా ఆవిడ మాట్లాడింది. ఇరవై నాలుగు రోజుల తర్వాత.

"ఆ ఆదివారం ఇంటికి రాగానే చెప్పేసింది."

"ఎవరు?"

"పిడుగు. నాన్న నాకు పన్ను కట్టాడు, ఎవరికీ చెప్పొద్దన్నాడు అని. చెప్పులన్నా విప్పలేదు, గుమ్మంలోనే చెప్పింది."

ఎవరో స్ట్రెచరు తోసుకుంటూ వచ్చారు. కాళ్ళు వెనక్కి తీసుకున్నాం. వెళ్ళిపోయారు.

"మరి నన్నెందుకు అడగలేదు?"

"అడిగితే మీరు ఒప్పేసుకుంటారు. మీకు అబద్ధం చెప్పడం చేతకాదు. ఒప్పుకుంటే తేదీ పోతుంది."

నాకు కోపం రావాలి. వచ్చింది కూడా. ఎవరి మీదో తేల్చుకోలేకపోయాను.

"ఆ పొక్కు నేనూ చూశాను" అంది. "మీరు లేనప్పుడు రోజూ చూసేదాన్ని. తగ్గిపోతుందిలే అనుకునేదాన్ని. ఆ రోజు లిఫ్టు దగ్గర మీరు వెనక్కి తిరిగితే పదండి అన్నాను, గుర్తుందా?"

"ఊఁ."

"రమ్మని పిలవలేదు. ఆపుదామని అన్నాను."

ఇన్నాళ్ళూ నా మీద కోపమనుకున్నానని చెప్పాను.

"మీ మీద కోపమెందుకు? మీరు వెళ్ళి చెప్పేశారు. నేను చెప్పులు పట్టుకుని నిలబడ్డాను." అప్పుడు ఏడ్చింది. నేను సంచీ తీసి కింద పెట్టి ఆవిడ పక్కకి జరిగాను. నేనూ ఏడ్చాను. ఎదురుగా కూర్చున్నాయన మమ్మల్ని చూసి, లోపల ఏదో అయిందనుకుని తన మంచినీళ్ళ సీసా ఇచ్చాడు. ఇంకా ఏమీ అవలేదండీ అని చెప్పాను. అయినా తాగమన్నాడు.

పన్నెండుకి పది నిమిషాల ముందు గుండె డాక్టరు బయటికొచ్చాడు. టోపీ కూడా తియ్యలేదు.

"కవాటం చక్కగా మూసుకుంటోంది" అన్నాడు.

"మళ్ళీ చెప్పండి" అంది మా ఆవిడ.

మళ్ళీ చెప్పాడు.

మే 10, ఆదివారం

ఇంటికొచ్చాం. మంచం దిగొద్దంటే వినడం లేదు. ఇప్పుడు నిజంగా పిడుగే.

మే 14, గురువారం

మందు ముందు, బ్రష్షు తర్వాత. డాక్టరమ్మ చెప్పినట్టే. పొద్దున మా ఆవిడ తోమింది, నేను ఫోను లైటు వేసి పట్టుకున్నాను. తోమడం అయ్యాక ఇద్దరం తలలు ఆనించి లెక్కపెట్టాం. పైన ఐదు, కింద ఏడు. ఒక్కొక్కదాన్నీ ఇద్దరం చూశాం.

కింద కుడివైపు చివరి పన్ను మీద ఒక మరక కనిపించింది. ఇంకోసారి తోమింది. పోలేదు. మందు రంగు కావచ్చునన్నాను. కావచ్చు అంది. ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. నా చేతిలోంచి ఫోను తీసుకుని ఆవిడే డాక్టరమ్మకి చేసింది. రేపు పదింటికి రమ్మన్నారట. నేను ల్యాబుకి ఫోన్ చేసి రేపు రానని చెప్పాను.

"ఇంక నోరు మూసుకోనా?" అంది పిడుగు.